మా ఊళ్లో టెంట్లు వేయనిద్దామా, మేమే వేసుకుందామా?

చింతపల్లి_కుర్రోడు
18 ఆగస్టు 2024

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది లంబసింగికి లోపలగా ఉన్న చిన్న ఊరు. పేరు చెప్పను, చెబితే వచ్చే ఆదివారమే కార్లు దిగుతాయి. 38 గడపలు. ఎక్కువ ఇళ్లు భగతలవి, కొన్ని కొండదొరలవి. కాఫీ, మిరియాలు, రాజ్మా, పసుపు, కొంచెం వరి. ఊరి పైన ఒక గట్టు ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లారగట్ల అక్కడ నిలబడితే మబ్బు కాళ్ల కింద ఉంటుంది. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పోయిన సీజన్‌లో ఎవరో వీడియో పెట్టారు. అంతే. డిసెంబరంతా శని, ఆదివారాలు బండి మీద బండి. గట్టు కింద పసుపుపచ్చగా పూసిన వలిసె (నూనెగింజల పంట) చేలోకి దిగి ఫొటోలు. మా పిన్ని చేను పావు వంతు నలిగిపోయింది. ఆమె కర్ర పట్టుకుని గట్టున కూర్చుని మనిషికి పది రూపాయలు అడిగితే, పువ్వు చూడ్డానికి కూడా డబ్బులా అని ఆమె మీదే గొడవకి దిగారు. వాళ్లు వెళ్లాక సీసాలు, బిర్యానీ డబ్బాలు ఏరింది మా బడి పిల్లలు.

ఇప్పుడు అసలు విషయం. సిటీ నుంచి ఒకాయన వస్తున్నాడు. గట్టు పక్కన మూడెకరాలు పదేళ్లకి లీజుకిస్తే ఏడాదికి లక్షన్నర ఇస్తానంటున్నాడు. 25 టెంట్లు, క్యాంప్‌ఫైర్, ఊళ్లో పది మందికి పని. కాగితం మా వాళ్లలోనే ఒకతని పేరు మీద రాయిద్దాం, ఏ ఇబ్బందీ రాదు అంటున్నాడు. ఆ భూమి రెండు కుటుంబాలది. వాళ్లకి అప్పులున్నాయి, ఇష్టంగానే ఉన్నారు. కుర్రాళ్లలో సగం మంది మనమే వేసుకుందాం అంటున్నారు. పెద్దలేమో ఎవరూ రాకపోతే అదే పదివేలు అంటున్నారు. వచ్చే నెల ఊరంతా కూర్చుని తేల్చాలి. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

బైక్_బాబ్జీ
18 ఆగస్టు

టెంట్లు ఎవరు వేసినా ఒకటే తమ్ముడూ, ముందు మరుగుదొడ్లు పెట్టండి. పోయిన జనవరిలో మా ఆవిడని మీ వైపు తీసుకొచ్చాను. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, పది గంటల దాకా ఎక్కడా వీలు లేదు. ఆ మబ్బులు ఎంత బాగున్నాయో నాకు గుర్తు లేదు, ఇంటికొచ్చాక పడ్డ తిట్లు గుర్తున్నాయి.

పాడేరు_ప్లీడరు
19 ఆగస్టు

అబ్బాయ్, ముందు ఆ కాగితం మీద ఎవరి చేతా సంతకం పెట్టనివ్వకు. మిగతావన్నీ తర్వాత.

1/70 అని మనం పిలుచుకునేది 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణ. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే మన గిరిజన ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. చాలామంది అది అమ్మకాలకే అనుకుంటారు. ‘బదలాయింపు’ అనే మాటకి అందులో ఇచ్చిన అర్థం చదివితే తాకట్టు, లీజు, అమ్మకం, దానం, మార్పిడి అన్నీ ఉన్నాయి. వాటి కోసం రాసుకునే ఒప్పందం కూడా ఉంది. కాబట్టి పదేళ్ల లీజు అన్న మాటే చెల్లదు. మీలో ఒకతని పేరు మీద రాయిద్దాం అన్నాడే, దాన్నే బినామీ అంటారు. రేపు కేసయితే ఆయన ఫోన్ ఎత్తడు. కోర్టు మెట్లెక్కేది పేరు అరువిచ్చిన మీ కుర్రాడు. ఇలాంటి కుర్రాళ్లని నా ఆఫీసు బల్ల అవతల చాలామందినే చూశాను.

ఇంకో సంగతి కనుక్కో. గట్టు పక్క భూమి పట్టాదా, లేక అటవీ హక్కుల పత్రం మీద ఉన్నదా? 2006 చట్టం కింద వచ్చిన పత్రమైతే అది బిడ్డలకి వస్తుంది గానీ వేరేవాళ్లకి బదలాయించడానికి వీల్లేదు.

అదే 1/70లో మీకు పనికొచ్చే తలుపు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. గిరిజనులకి బదలాయించవచ్చు. అలాగే, సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై, సభ్యులంతా గిరిజనులే అయిన సంఘానికీ బదలాయించవచ్చు. అంటే ఆ రెండు కుటుంబాల భూమిని మీ ఊరి సంఘమే లీజుకి తీసుకోవచ్చు. వాళ్ల అప్పు సంగతీ తీరుతుంది, భూమీ ఊళ్లోనే ఉంటుంది.

1997 సమత తీర్పు గురించి వినే ఉంటావు. అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే లేని వీలు టెంట్లాయనకి ఎక్కణ్నుంచి వచ్చింది?

గ్రామసభలో తీర్మానం రాయించు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి అధికారాలిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రానికి నిబంధనలు 2011లో వచ్చాయి. నోటిమాటలు వద్దు, పుస్తకంలో రాసి సంతకాలు, వేలిముద్రలు పెట్టించు.

డాలస్_బాబాయ్
19 ఆగస్టు

ప్లీడరు గారు చెప్పింది బాగుంది. కానీ చట్టం భూమిని కాపాడుతుంది, టెంటు కొనివ్వదు కదా. డబ్బు ఎక్కడిది? మాది కోనసీమ, ఇక్కడ స్థిరపడి పాతికేళ్లు. మేం నలుగురం స్నేహితులం కలిసి పది లక్షల దాకా పెట్టగలం. లాభంలో వాటా ఇస్తే చాలు. ఊరికి మంచి చేసినట్టూ ఉంటుంది.

రాజ్మా_అక్క
19 ఆగస్టు

బాబాయ్ గారూ, మంచి మనసుతోనే అడిగారు. కోపం తెచ్చుకోకండి. లాభంలో వాటా అన్నారు, నష్టంలో వాటా మాట రాలేదు. రెండేళ్లు వానలకి రోడ్డు తెగి ఎవరూ రాకపోతే మీకేం చెప్పాలి?

తమ్ముడూ, నాది అరకు వైపు. మా గ్రామ సమాఖ్యలో నేను పుస్తకాలు రాస్తాను. మేం అతిథుల్ని ఇళ్లలో పెట్టుకోవడం మొదలెట్టి ఆరేళ్లు. మేం చేసిన తప్పులు చెబుతా, అవే ఎక్కువ పనికొస్తాయి.

మొదటి ఏడాది పక్కా గది, టైల్స్ బాత్రూం ఉన్న నాలుగిళ్లే తీసుకున్నాం. వచ్చిన డబ్బంతా ఆ నాలుగిళ్లకే పోయింది. మిగతావాళ్లకి దుమ్ము, హారన్ల మోత. సంక్రాంతి నాటికి ఊరు రెండుగా చీలింది. పెళ్లిళ్లకి పిలుచుకోవడం మానేశారు. నిజం. నా మరిది పెళ్లికి మా పక్కింటివాళ్లు రాలేదు.

రెండో ఏడాది వంతులు పెట్టాం. అతిథి ఎవరింట్లో పడుకున్నా అన్నం మాత్రం ఒక్కచోటే. వంటిల్లు సమాఖ్యది, వారానికి ఒక గ్రూపు వండుతుంది. గది లేని ఇల్లు వంటలోనో, దారి చూపడంలోనో, కాఫీ తోట తిప్పడంలోనో వంతు తీసుకుంటుంది. గది అద్దెలో వందకి డెబ్బై ఇంటివాళ్లకి, ఇరవై సమాఖ్యకి, పది ఊడ్చేవాళ్లకి. ఈ పది మొదట్లో లేదు. ఊడ్చడం అందరి పని అనుకున్నాం. అందరి పని ఎవరి పనీ కాకుండా పోయింది.

వండేది మేం తినేదే. రాజ్మా కూర, సామన్నం, చోడి అంబలి, అడ్డాకుల విస్తళ్లు. ఒకాయన పన్నీరు బటర్ మసాలా అడిగాడు. దానికి అరకు టౌన్‌కి వెళ్లండి, ఎనిమిది కిలోమీటర్లే అని చెప్పాం.

మందు సంగతి ముందే తేల్చుకోండి. మా ఊళ్లో జీలుగు కల్లు తాగనివాళ్లు తక్కువ, మేమేం మునులం కాదు. కానీ బయటివాళ్లు సీసాలతో వచ్చి రాత్రి పన్నెండింటికి ‘థింసా ఆడించండి, ఎంత తీసుకుంటారు’ అని అడిగిన రోజు మా ఆడవాళ్లు చీపుర్లు తీశారు. ఇప్పుడు బోర్డు పెట్టాం. పండగ నాడు మేం థింసా ఆడతాం, మీరుంటే చూడండి, వస్తే చేయి కలపండి. ఆర్డరిస్తే ఆడం.

మగ్గం_గుంట
20 ఆగస్టు

మాది పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరొచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తనన్నడు, భూదానం అక్కడ్నుంచే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో మా ఊరు పేరు చేర్చింది. హైదరాబాద్ నుంచి గంటన్నర. మీకంటే మాకు అన్ని వసతులు ఉన్నయి.

కానీ చెప్పేది విను. బస్సు దిగుతరు. వినోబా మందిరం చూస్తరు. మెయిన్ రోడ్డు మీద షాపుల చీర బేరమాడుతరు. ఎక్కిపోతరు. లోపలి గల్లీలో మా నాయిన మగ్గం గుంటల కూసొని నేస్తున్నడని వాళ్లకు తెల్వదు. తెలిసి వచ్చినవాళ్లు ఫొటో దిగి ‘వండర్‌ఫుల్ అంకుల్’ అంటరు. అంకుల్‌కు ఆ పూట అర గజం తక్కువ నేసుడైంది, అంతే మిగిలింది.

రెండేండ్ల కింద నేను ఒక పని చేసిన. మా ఇంట్ల చిటికీ కట్టుడు నేర్పుతా అని గంటన్నరకు ఇంత అని పెట్టిన. దారం మీద రబ్బరు చుట్టి, రంగుల ముంచి, ఒక రుమాలు మందం వాళ్ల చేతనే కట్టిపిస్త. ఒక్కసారి కట్టి చూసినోడు మళ్ల చీర రేటు గురించి బేరమాడడు. అచ్చు కొట్టిన నకలుకు, నేసినదానికి తేడా వాడి వేళ్లకే తెలుస్తది. పేరు వచ్చుడు వేరు, పైసలు గల్లీ లోపలికి వచ్చుడు వేరు. మీ ఊళ్లె కూడా ఏ గడపకు ఎన్ని పైసలు పోతయో ముందుగాల గీసుకోండ్రి.

నీళ్ల_లెక్క
20 ఆగస్టు

ఇంత మంది మాట్లాడారు, నీళ్ల ఊసే లేదు. మీ ఊరికి నీళ్లు ఎక్కణ్నుంచి?

చింతపల్లి_కుర్రోడు
20 ఆగస్టు

కొండ మీది ఊట నుంచి పైపు మాస్టారూ. గ్రావిటీ పథకం. వేసవిలో సన్నగా వస్తుంది. పోయిన ఏప్రిల్‌లో నేను పట్టినప్పుడు పెద్ద బకెట్ నిండడానికి రెండు నిమిషాలు పట్టింది.

నీళ్ల_లెక్క
20 ఆగస్టు

మంచిది, లెక్క దొరికింది. బకెట్ 20 లీటర్లు అనుకుందాం. నిమిషానికి పది లీటర్లు, రోజంతా పట్టుకుంటే 14,400. 38 గడపలంటే 160 మంది అనుకుంటున్నా. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకి 55 లీటర్లు. 8,800 అక్కడే పోయింది. మిగిలిన 5,600లో పశువులు, బడి, వంటిల్లు, పైపు కారడం పోగా మూడు వేలు మిగిలితే గొప్ప.

మీ టెంట్లాయన 25 టెంట్లు అంటున్నాడు. ఇద్దరేసి చూసినా యాభై మంది. సిటీ మనిషి వేడినీళ్ల స్నానం, ఫ్లష్ కలిపి వందకి తగ్గడు. 5,000 లీటర్లు. ఏప్రిల్‌లో ఆ లెక్క తెగదు. డిసెంబరులో ఊట జోరుగా ఉంటుంది కాబట్టి నడుస్తుంది. నడిచింది కదా అని వాళ్లు వేసవి క్యాంపులు కూడా పెడతారు. అప్పుడు మీ అమ్మ బిందె పట్టుకుని వాగుకి నడుస్తుంది.

కాబట్టి ఎంత మందిని రానివ్వాలన్నది మబ్బుల్ని చూసి కాదు, ఏప్రిల్ బకెట్‌ని చూసి తేల్చుకోండి. నెలకోసారి ఒకే బకెట్‌తో, ఒకే చోట, వాచీ పెట్టుకుని కొలిచి గోడ మీద రాయండి. బడి పిల్లలు చేయగల పనే.

మరుగుదొడ్డికి రెండు గుంతలది కట్టండి. ఒకటి నిండాక రెండోదానికి తిప్పి, మొదటిది ఎరువయ్యేదాకా వదిలేయడమే. గుంతలు ఊటకి ఎగువన మాత్రం తవ్వొద్దు. గట్టు మీద చదునుగా ఉందని అక్కడే తవ్వేస్తారు, అది చాలా చోట్ల చూశాను. తాగే నీళ్లలోకి ఏం దిగుతుందో నేను చెప్పక్కర్లేదు.

వనమిత్ర_64
21 ఆగస్టు

అటవీ శాఖలో పని చేసి రిటైరయ్యాను. మారేడుమిల్లిలో వలమూరు వన సంరక్షణ సమితి నడిపే పర్యాటకాన్ని దగ్గర నుంచి చూశాను. వసతి, వంట, దారి చూపడం స్థానిక కొండరెడ్లు, ఇతర గిరిజనుల చేతుల్లో పెట్టాలన్నది అక్కడ ఆలోచన. అన్నీ సవ్యంగా సాగాయని అనను. అయినా అడవి గురించి చెప్పే మనిషి ఆ అడవిలో పుట్టినవాడైతే వచ్చినవాళ్లు గొంతు తగ్గించుకుంటారు, అది నా కళ్లతో చూశాను.

రెండు మాటలు. మొదటిది క్యాంప్‌ఫైర్. 25 టెంట్లకి రోజూ మంట వేస్తే కట్టెలు ఎక్కణ్నుంచి వస్తాయి? మొదటి నెల ఎండు కొమ్మలు, రెండో నెల పచ్చి చెట్టు. ఊరికంతా ఒకే మంట, శనివారం మాత్రమే అని పెట్టుకోండి.

రెండోది బొంగు చికెన్. అందరికీ అదే కావాలి. నూనె లేకుండా, ఉప్పూకారం పట్టించిన మాంసం పచ్చి బొంగులో కూరి, ఆకుతో మూత పెట్టి నిప్పుల మీద తిప్పుతారు. రుచి సంగతి సరే, ఒక్కో బొంగు ఒక్కసారికే. ఏడాది కూడా నిండని లేత వెదురు నరకకూడదు. వానల్లో పిలకలు వచ్చే కాలంలో పొద జోలికే పోకూడదు. రోడ్డు పక్క కొట్లకి ఈ పట్టింపు ఉండదు. మీ పొరంబోకులో ఇప్పుడే నాలుగు పొదలు నాటుకోండి, మూడు నాలుగేళ్లకి పనికొస్తాయి.

డోలీ_మోసినోడు
21 ఆగస్టు

అందరూ సరదాగా మాట్లాడుకుంటున్నారు. ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మా ఊళ్లో పోయినేడు నెలలు నిండిన మనిషిని డోలీలో నాలుగు కిలోమీటర్లు మోసుకొచ్చాం. మబ్బు చూడ్డానికి వచ్చే కారుకి రోడ్డు కావాలంటే ఆరు నెలల్లో వేస్తారు, మాకు వేయరు. దీన్ని అభివృద్ధి అంటే నాకు నవ్వొస్తుంది. టూరిస్టు రాకపోతే ఊరు బతకదా? కాఫీకి, మిరియానికి గిట్టుబాటు ధర ఇప్పించండి చాలు.

రాజ్మా_అక్క
21 ఆగస్టు

తమ్ముడు అన్నదాంట్లో తప్పేం లేదు. మా లెక్కల పుస్తకం తీసి చూశా. పోయినేడు అతిథుల వల్ల ఒక్కో ఇంటికి వచ్చింది కాఫీ మీద వచ్చినదాంట్లో మూడో వంతు కూడా కాదు. ఇది పక్క ఆదాయమే. దీన్ని నమ్ముకుని తోట వదిలేసినవాళ్లు మా పక్క ఊళ్లో ఉన్నారు, 2020లో కరోనాకి అన్నీ మూసినప్పుడు ఏం తినాలో తెలియక మా దగ్గరికే వచ్చారు.

కోచి_తెలుగోడు
22 ఆగస్టు

నేను కుమరకోం దగ్గర ఒక హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నా, సొంతూరు నర్సీపట్నం. కేరళలో ఈ బాధ్యతాయుత పర్యాటకం అన్నది 2008 ప్రాంతంలో నాలుగు చోట్ల మొదలెట్టారు. కోవళం, తేక్కడి, వయనాడ్, కుమరకోం. కుమరకోంలోనే బాగా నిలబడింది. 2017లో ఏకంగా మిషనే పెట్టారు.

ఇక్కడ కిటుకు టెంట్లలో లేదు, కూరగాయల్లో ఉంది. కుటుంబశ్రీ (మన డ్వాక్రా లాంటిది) ఆడవాళ్లు పండించినవి హోటళ్లు కొనాలి. ధర ఎంతన్నది పంచాయతీ, హోటళ్లు, పండించేవాళ్లు కలిసి కూర్చుని తేల్చారు. మొదట్లో సరుకు ఒక రోజు వచ్చి ఒక రోజు రాక నానా తంటాలు పడ్డారని మా పెద్ద కుక్ చెబుతాడు. అప్పుడు బీడు పడ్డ పొలాలు మళ్లీ సాగులోకి తెచ్చారు. అతిథులకి ఊరు చూపించే ప్యాకేజీలో కొబ్బరి పీచు తాడు పేనడం, మొగలి ఆకు చాప అల్లడం, కల్లు గీయడం ఉంటాయి. ఆ డబ్బు తాడు పేనినావిడకే చేరుతుంది.

లంబసింగి చుట్టూ ఇప్పటికే బోలెడు టెంట్లు, హోటళ్లు ఉన్నాయి కదా. మీ ఊరు ఇంకో 25 వేయకపోతే ఏం? వాళ్లకే మీ రాజ్మా, మీ కోడిగుడ్లు, మీ కాఫీపొడి అమ్మండి. అక్కడ పడుకుని తెల్లారి మీ గట్టుకి రానివ్వండి, టికెట్ పెట్టండి. నీళ్ల మాస్టారి బాధా తప్పుతుంది.

గూడబాతు_టెక్కలి
22 ఆగస్టు

మా వైపు తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద రెట్ట వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా ఊరివాళ్లు ఒక్క పిట్టని తోలరు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. అక్కడ చూడ్డానికి వచ్చేవాళ్లకంటే పిట్టలదే పెద్దపీట. మీ ఊళ్లో ఆ పెద్దపీట ఎవరిదో ముందు అనుకోండి, మిగతాది దానికదే కుదురుతుంది.

మోడరేటర్
23 ఆగస్టు

ఊరి పేరు ఊహించి రాసిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి అలా చేయకండి.

చింతపల్లి_కుర్రోడు
29 సెప్టెంబరు 2024

ఊరంతా కూర్చున్నాం. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు తిట్టుకోవడానికే సరిపోయింది.

ప్లీడరు గారి పోస్టు ఫోన్‌లో పైకి చదివి వినిపించాను. ‘లీజు కూడా బదలాయింపే’ అన్న చోట మా పెద్దాయన ఇంకోసారి చదవమన్నాడు. ఆ కాగితం మీద తన పేరు రాయించుకోడానికి ఒప్పుకున్న కుర్రాడు లేచి బయటికెళ్లిపోయాడు. తర్వాత వాడే వచ్చి నేను తప్పుకుంటున్నా అన్నాడు.

తేలింది ఇది. సిటీ ఆయనకి వద్దని చెప్పాం. టెంట్లు లేవు. ఆరు ఇళ్లలో ఎనిమిది గదులు, మంచాలు, దుప్పట్లు. రాత్రికి పదహారు మందికి మించి లేదు. అది బకెట్ లెక్క, మాస్టారికి దండాలు. కార్లు కిలోమీటరు కింద బడి దగ్గరే ఆగాలి, అక్కణ్నుంచి నడక. గట్టుకి మనిషికి 50 రూపాయల టికెట్. సీసా, ప్లాస్టిక్ కింద వదిలి రావాలి. వంట డ్వాక్రా గ్రూపుది, అక్క చెప్పినట్టు వంతులు. మరుగుదొడ్లు నాలుగు, బాబ్జీ అన్న కోసం.

ఆ రెండు కుటుంబాల అప్పు సంగతి మాత్రం సగమే తేలింది. గ్రామ సమాఖ్య నుంచి అప్పు ఇప్పిస్తున్నాం. ఒక కుటుంబం సరే అంది. రెండోది మొహం చాటేసింది.

డాలస్ బాబాయ్ గారూ, మీ డబ్బు వాటాకి వద్దనుకున్నాం. కోపం లేదుగా?

డాలస్_బాబాయ్
30 సెప్టెంబరు

కోపమేం లేదు. మరుగుదొడ్లకి ఎంతవుతుందో చెప్పు. దానికి వాటా అడగను, నా పేరూ రాయించొద్దు. రాయించినా ఎక్కడ రాస్తారు లెండి.

చింతపల్లి_కుర్రోడు
16 ఫిబ్రవరి 2025

సీజన్ అయిపోయింది. చెబుతానన్నాను కాబట్టి చెబుతున్నా, మంచీ చెడూ.

డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో గదులన్నీ నిండాయి. మిగతా రోజుల్లో రెండో మూడో. గట్టు టికెట్ డబ్బే గదుల కంటే ఎక్కువొచ్చింది, ఇది మేం అనుకోలేదు. చెత్త ఏరే ఇద్దరికీ నెల జీతం దాంట్లోంచే ఇచ్చాం. ఈసారి పిల్లలు ఏరలేదు.

ఏరలేదు గానీ శనివారం బడి మానేశారు. కింద కార్ల దగ్గర నిలబడి సంచులు మోస్తే ఇరవై, ముప్పై ఇస్తున్నారు. బడి మాస్టారు వచ్చి నా మీదే కేకలేశారు. జనవరిలో పిల్లల చేత మోయించకండి అని బోర్డు పెట్టాం. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. దీనికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా?

మొహం చాటేసిన కుటుంబం సొంతంగా ఆరు టెంట్లు వేసింది. వెనకాల ఉన్నది ఆ సిటీ ఆయనే, అందరికీ తెలుసు. రాత్రిళ్లు పాటల బాక్సులు. ఆ ఇంటాయన మా మేనమామ వరసే అయినా నాతో మాట్లాడటం లేదు. గ్రామసభలో రాశాం, అంతకుమించి ఏం చేయాలో తోచలేదు. మా ఊట పైపుకి ఆ టెంట్ల వైపు రెండు ఇంచీల గొట్టం కలిపారు, అది మాత్రం తీయించాం.

అతిథుల్లో ఒకామె ‘సర్వీసు చాలా స్లో, వేడినీళ్లు అడిగిన అరగంటకి వచ్చాయి’ అని నెట్‌లో రాసింది. నిజమే, కట్టెల పొయ్యి కదా. మా అమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ ఊళ్లో పొయ్యి తొందరగా కాగుతుంది కాబోలు అంది.

మొన్న 11, 12 తేదీల్లో ఏజెన్సీ అంతా బంద్. పర్యాటకం కోసం 1/70ని మార్చాలని విశాఖలో ఒక సభలో వచ్చిన మాట మీద. చట్టాన్ని రద్దు చేయబోమని ముఖ్యమంత్రి చెప్పారు. అయినా మా ఊరంతా రోడ్డు మీదికెళ్లింది. ఆ రెండు రోజుల బుకింగ్‌లు రద్దు చేసి డబ్బు వెనక్కిచ్చాం. పర్యాటకంతో నాలుగు డబ్బులు చూస్తున్నవాళ్లు మీరే బంద్‌కెళ్తారేంటి అని ఒక అతిథి ఫోన్‌లో అడిగాడు. ఆ చట్టం వల్లే ఆ నాలుగు డబ్బులు మా చేతికొస్తున్నాయని చెప్పాను. ఆయనకి ఎక్కిందో లేదో తెలియదు, మార్చిలో మళ్లీ వస్తానన్నాడు.

పాడేరు_ప్లీడరు
16 ఫిబ్రవరి

సంఘం రిజిస్ట్రేషన్ అయిందా?

చింతపల్లి_కుర్రోడు
16 ఫిబ్రవరి

లేదండీ. రెండుసార్లు కాగితాలు వెనక్కొచ్చాయి. ఒకసారి ఆధార్‌లో పేరు తేడా, ఇంకోసారి బైలాస్‌లో ఏదో క్లాజు.

పాడేరు_ప్లీడరు
16 ఫిబ్రవరి

ఆ బైలాస్ నాకు వాట్సాప్ చెయ్. సోమవారం చూస్తా. అది అయ్యేదాకా ఆ ఒప్పుకున్న కుటుంబంతో కూడా భూమి కాగితం ఏదీ రాసుకోకు. మీ మేనమామ సంగతి తర్వాత చూద్దాం, ఆ టెంట్ల కాగితం ఎవరి పేరున ఉందో మాత్రం చప్పుడు లేకుండా కనుక్కో.

నీళ్ల_లెక్క
17 ఫిబ్రవరి

బకెట్ కొలుస్తున్నారా?

చింతపల్లి_కుర్రోడు
17 ఫిబ్రవరి

కొలుస్తున్నాం మాస్టారూ. ఏడో తరగతి పిల్ల ఒకతి బడి గోడ మీద రాస్తోంది. డిసెంబరులో 48 సెకన్లు, ఈ నెల 70. ఏప్రిల్‌లో నూట పది దాటితే గదులు మూసేస్తామని తనే అందరికీ చెబుతోంది.

రాజ్మా_అక్క
17 ఫిబ్రవరి

మీ పిన్ని చేను ఏమైంది?

చింతపల్లి_కుర్రోడు
17 ఫిబ్రవరి

చేలో మధ్యగా ఒక బాట వదిలింది అక్కా, ఆ బాటలోంచే ఫొటోలు. మనిషికి ఇరవై. నలగలేదు. వచ్చే ఏడు అరెకరం ఎక్కువ వేస్తానంటోంది, గింజ కోసం కాదట, పువ్వు కోసమట.

రాజ్మా_అక్క
17 ఫిబ్రవరి

గింజ కూడా కొట్టమను. నాకు రెండు లీటర్ల వలిసె నూనె కావాలి, డబ్బులిచ్చే తీసుకుంటా.